హీటర్ మార్చాక

చలికి సీసీ కెమెరా తెర బద్ధకిస్తుంది. గాజు లోపలి ద్రవం చిక్కబడి, బొమ్మ నత్తనడక నడుస్తుంది. ఆ రాత్రి కోల్డ్ స్టోరేజీలో నేను చెయ్యెత్తితే, తెర మీది నా చెయ్యి ఆవులిస్తూ లేచింది. కెమెరా నా వెనక, గది చివర ఉంది. తెర వెనకాల, దాన్ని వెచ్చగా ఉంచే హీటర్ కాలిపోయింది. మార్చాను.

"ఎలా ఉంది బావా?" తలుపు బయటి నుంచి బామ్మర్ది అరిచాడు.

"లేడిపిల్లలా ఉరుకుతోందిరా!"

మళ్లీ చెయ్యెత్తబోయాను. తెర మీది చెయ్యి అప్పటికే లేచి ఉంది.

నవ్వొచ్చింది. "ఒరేయ్, వేడి ఎక్కువైనట్టుంది. నాకన్నా ముందే పోతోంది."

"చాల్లే బావా, వచ్చెయ్. తలుపెయ్యాలి."

ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. మంచు పట్టిన పెట్టెలు కూడా ఊపిరి బిగబట్టినట్టనిపించింది. ఆ నిశ్శబ్దంలో, తెర మీది నా వీపు మెల్లగా ఇటు తిరిగింది. నా మొహం కనిపించింది. అందులో భయం లేదు. మొదటిసారి సముద్రాన్ని చూసిన పిల్లాడిలా కళ్లు విప్పార్చుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల పైకెత్తాను. ఇంకా పైకి. ఇంకా పైకి.

నేనింకా వెనక్కి తిరగలేదు.