ఆ ఇంటి నీళ్లు

సముద్రం బోర్లన్నిటినీ ఉప్పు చేశాక, పేటలో ఉన్న కాసిని నీళ్లే వడపోతల గుండా ఇంటి నుంచి ఇంటికి తిరుగుతున్నాయి. పొద్దున అటు నుంచి ఇటు, సాయంత్రం ఇటు నుంచి అటు. ఎవరింటి నుంచి వచ్చాయో కుళాయి చెబుతుంది. ఎవరింటికి పోతాయో తూము చెబుతుంది.

ఆ సాయంత్రం పోలమ్మ, పడవకు వేయగా మిగిలిన రంగును తూములో ఒంపబోయింది. రంగు వడపోతకు ఆగదని ఆమెకు తెలుసు.

“మీ తర్వాత సూరీడమ్మ ఇల్లు,” అంది తూము.

గోడ తగువు పెట్టుకున్నప్పటి నుంచి ఆ ఇంటితో మాటల్లేవు. “తాగనీ,” అంది పోలమ్మ.

మొగుడు కూర్మయ్య వల బాగుచేస్తూ తలెత్తలేదు. “ఆళ్ల కోడలు నీళ్లోసుకుందంట, మూడో నెల,” అన్నాడు.

పోలమ్మ రంగు డబ్బాకు మూత బిగించి పెరట్లో పెట్టింది.

తెల్లారి కుళాయి తిప్పితే, “సూరీడమ్మ ఇంటి నీళ్లు,” అంది కుళాయి. పోలమ్మ గ్లాసును వెలుతురుకు పట్టి చూసింది. ఇంత తగువులోనూ ఆ నీళ్లకు ఏనాడూ మచ్చ లేదు.

“దాహమేస్తంది,” అన్నాడు కూర్మయ్య.

“ఇందా. సూరీడమ్మ మంచినీళ్లు.”

కుళాయి ఎప్పుడూ ‘నీళ్లు’ అనే అంటుంది. ‘మంచి’ అన్నది పోలమ్మ.