నెగడు దగ్గర ఖాళీ చోటు

"అక్కడ కాదు పెద్దమ్మా, లేవండి."

షిగెనో మెత్తగానే అన్నా, గుడిసెలోని ఆడవాళ్లంతా తలలెత్తి చూశారు.

జపాన్‌లోని షిమా తీరంలో మునకలేసి ఆవాబీ గుల్లలు ఏరే ఆడవాళ్ల గుడిసె అది. ఆ నెగడు చుట్టూ బయటివాళ్లు కూర్చోరు. పొద్దున్నే బస్సు దిగి వచ్చిన ఈ ముసలావిడ మాత్రం తిన్నగా వెళ్లి, ఎప్పుడూ ఖాళీగా ఉంచే మూల చోట్లోనే కూర్చుంది.

చలి కాచుకోవాలంటే యాత్రికులకు పైన వేరే గుడిసె ఉందనీ, అక్కడ నత్తలు కూడా కాల్చి పెడతారనీ షిగెనో చెప్పింది.

"మరి ఈ చోటు ఎవరిది?"

"మా తోమెగారిది. ఈ ఊళ్లో ఇంటింటికీ మునక నేర్పింది ఆవిడే. భర్తకు జబ్బు చేస్తే ఒసాకా వెళ్లిపోయారట. నేనీ ఊరికి కోడలిగా రాకముందు మాట."

"చూడని మనిషికి చోటు అట్టేపెట్టారా?"

"నెగడు వెలిగినన్నాళ్లూ అది ఆవిడదే. ఇక్కడ పెద్దదాన్ని నేనే అయినా, నేనూ కూర్చోను."

ఆ మాట అన్నప్పుడు షిగెనో మెడ నిటారుగా నిలిచింది. ముసలావిడ మొహం వెలిగిపోయింది. వంగి నమస్కరించి బయటికి నడిచింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి సముద్రాన్ని పొగమంచు కమ్మేసింది. అందరూ ఒడ్డెక్కారు, షిగెనో కూతురు సాయో తప్ప. ఎంత పిలిచినా పిలుపు ఎటునుంచి వస్తోందో తెలియని మంచు. షిగెనో మళ్లీ నీళ్లలోకి దూకబోతే పట్టుకుని ఆపారు.

అప్పుడు బండల మీద నుంచి ఈల లేచింది. నీళ్లలోంచి తేలినప్పుడు వీళ్లంతా ఊపిరి వదిలే ఈలే. కానీ ఇంత పొడుగ్గా, ఇంత నిబ్బరంగా అక్కడెవరికీ రాదు. సాయో ఒడ్డు తాకేదాకా అది ఆగి ఆగి మోగుతూనే ఉంది.

"ఆ ఈల వినే ఇటు ఈదాను. నువ్వేననుకున్నానమ్మా," అంది సాయో వణుకుతూ.

"నాకంత ఊపిరెక్కడిదే," అంది షిగెనో, కూతుర్ని గుండెలకు హత్తుకుని.

బండల మీద ఎవరూ లేరు. పైన రోడ్డు మీద బస్సు కదిలిన చప్పుడయింది.

అంతలో, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలని కిను అవ్వ, కర్ర కూడా మరిచిపోయి, పడుతూ లేస్తూ మెట్లు దిగి వచ్చింది. ఊళ్లో అందరికన్నా పెద్దది. కళ్లలో నీళ్లు, మొహం నిండా గర్వం.

"విన్నారటే? ఈలంటే అదీ. ఏదే, మా తోమె ఏదీ?"

షిగెనో గుడిసె వైపు తిరిగింది. తోమె చోటని చెప్పి పొద్దున తను లేపి పంపింది తోమెనే.