పాత కోత

రెండు రోజులుగా భద్రుకు మూత్రం బందయింది. పొత్తికడుపు గట్టిపడి విలవిల్లాడుతుంటే, భార్య దస్లి ములకలపల్లి దగ్గరి తండా నుంచి బస్సులో ఖమ్మం దవాఖానాకు తీసుకొచ్చింది. డాక్టరు పైపు వేసి మూత్రం తీశాడు.

"వయసు మీద పడి లోపలి గ్రంథి వాచింది. ఆపరేషన్ చేయకుంటే కిడ్నీలు పోతాయి."

"వద్దు సారూ. చస్తే చస్త," అన్నాడు భద్రు. నాలుగేండ్లుగా చుక్కలు చుక్కలుగా పోస్తూ ఏడ్చినా, దవాఖానా అంటే ఇదే మాట.

దస్లి అతని కాళ్లు పట్టుకుంది. "పిల్లలు లేనిదాన్ని. నువ్వు పోతే నాకెవరున్నరు?"

డాక్టరు తలెత్తాడు. "పిల్లలు లేరా? మరి పుట్టకుండా ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నాడు? కోత మచ్చలున్నాయి."

భద్రు గోడ వైపు తిరిగాడు. "పెండ్లయిన కొత్తల, డెబ్బై ఆరుల ఎమర్జెన్సీ అప్పుడు, బీడీల తునికాకు కల్లం కాడ సర్కారోళ్లు జీపెక్కించి తీసుకపోయి కోసిండ్రు. మొగోన్ని, ఎట్ల చెప్పుకోను?"

అప్పటి నుంచి ఈ పద్దెనిమిదేండ్లుగా తండా ఆమెను గొడ్రాలంటోంది. పెండ్లిళ్లలో పక్కకు నిలబెడుతోంది. భద్రు వింటూనే ఉన్నాడు.

దస్లి కాళ్లు వదిలి లేచింది.

"ఏలిముద్ర నేనేస్త, ఆపరేషన్ చెయ్యుండ్రి సారూ. ఈయన బతకాలె. తండాకొచ్చి అందరి ముంగట గీ మాట చెప్పాలె."