సాయం కోరుతూ

వాసిఫ్ ఇంకా రొట్టె తింటూ ఉండగానే అధ్యక్ష భవనం కారు వచ్చి గుమ్మంలో ఆగింది. చెయ్యి కడుక్కోనిచ్చారు, అంతే. అరగంట తరవాత అతను భవనం మేడ మీద ఒక గదిలో ఉన్నాడు. బల్ల మీద ఒకటే కాగితం. తలుపు దగ్గర ఒక కెప్టెన్.

"కూర్చోండి, అబూ నిజార్. అనువాదం చెయ్యాలి. ఒక్క ప్రతి చాలు. చిత్తుకాగితాలు కూడా నాకే ఇచ్చెయ్యాలి."

కొడుకు పేరు కలిపి అలా పిలిచేది వీధిలోవాళ్లు, స్నేహితులు. ఈ కెప్టెన్‌ని వాసిఫ్ ఎప్పుడూ చూడలేదు. నిజార్ పేరు ఇతనికెలా తెలిసింది?

కాగితం చదివాడు. అధ్యక్షుడి పేరుతో ఉన్న ఉత్తరం అది. దేశంలో పరిస్థితి చెయ్యి దాటిందని, మిత్రదేశం వెంటనే సైన్యాన్ని పంపి ఆదుకోవాలని ఉంది. మొత్తం అయిదు పేరాలు. నాలుగోది విమానాశ్రయం గురించి. అక్కడి దళం తిరుగుబాటు చేసిందట. ముందు దాన్ని అణచాలట.

నిజార్ ఆ దళంలోనే ఉన్నాడు. నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు.

"రోజూ మసూరు పప్పే నాన్నా. ఆ గిన్నె చూస్తేనే పారిపోవాలనిపిస్తోంది. శుక్రవారం వచ్చేటప్పుడు అమ్మ చేత కబాబులు చేయించి పట్రా. మేజోళ్లు కూడా."

తిరుగుబాటు చేసినవాడు మేజోళ్లు అడుగుతాడా?

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు వాసిఫ్.

"కింద పేరుందిగా."

"రన్‌వే పొడవు అడుగుల్లో ఉంది. మనం మీటర్లలో రాస్తాం. పైన దేవుడి పేరు లేదు. అధ్యక్షులవారు దర్జీకి చీటీ రాసినా దేవుడి పేరుతోనే మొదలుపెడతారు."

"ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎప్పుడైనా ఇన్ని ప్రశ్నలడిగారా?"

"లేదు."

"మరి రిటైరయ్యే ముందు ఈ కొత్త అలవాటెందుకు?"

వాసిఫ్ కిటికీలోంచి చూశాడు. రేవుకి అవతల మిత్రదేశపు యుద్ధనౌకలు మూడు. మంగళవారం నుంచి అక్కడే ఉన్నాయి. ఇవాళ గురువారం. రమ్మనే ఉత్తరం ఇంకా ఈ బల్ల మీదే ఉంది.

భవనంలో ఎవడో అధ్యక్షుడి చేత ఈ పని చేయిస్తున్నాడు. ఎవడు? విదేశాంగ మంత్రా? అల్లుడా?

"ఇంటికి ఒక్క ఫోన్ చేసుకోనా? మా ఆవిడ కంగారు పడుతుంది."

"ఆవిడ కంగారు పడకుండా మా మనిషి మీ గుమ్మంలోనే ఉన్నాడు. కానివ్వండి. కింద మిత్రదేశం రాయబారిగారికి రెండో కాఫీ కూడా అయిపోయింది."

మూడు పేరాలు మాట పోకుండా రాశాడు. నాలుగో దాని దగ్గర కలం ఆగింది. కెప్టెన్ కలం వంకే చూస్తున్నాడు. వాసిఫ్ నిఘంటువు తెరిచి, తెలియని మాట కోసం వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాడు.

అధ్యక్షుడు సంతకం పెట్టేది తను రాసే ఈ ప్రతి మీదే. అందులో లేనిది ఆయన అడిగినట్టు కాదు.

నాలుగో పేరా వదిలేశాడు. చివరి పేరాని రెండుగా విడగొట్టి రాశాడు.

కెప్టెన్ కాగితం తీసుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. సరిపోయింది. చెమటలెందుకు పడుతున్నాయి, అబూ నిజార్?"

"గాలి లేదు ఇక్కడ."

"కిటికీ తెరిచే ఉందిగా."

ఇద్దరూ మెట్లు దిగారు. హాల్లో అధ్యక్షుడు, రాయబారి పక్కపక్కన కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడి చేతిలో మూత తీసిన కలం ఉంది. కెప్టెన్ కాగితాలు రెండూ బల్ల మీద పెట్టాడు.

తన భాషలో తానే రాసుకొచ్చిన ఉత్తరం మీద రాయబారి అధ్యక్షుడి చేత సంతకం పెట్టించి సంచిలో పెట్టుకుని, "మీరేం అడిగారో ఇక తీరిగ్గా చదువుకోండి" అంటూ వాసిఫ్ రాసిన అరబ్బీ ప్రతిని ఆయన ముందుకు జరిపాడు.