అక్క పాస్‌వర్డ్

"కంప్యూటర్ ఆపేసిన ప్రోగ్రాములు రెండున్నాయి బావా. ఒకటి పాత ప్రింటర్‌ది. రెండోదేంటో చూస్తున్నా," అన్నాడు తమ్ముడు.

అది అక్క కంప్యూటర్. అప్‌డేట్ అయ్యాక ఏదో పనిచేయట్లేదు, వచ్చి చూడమని ఫోన్ చేసింది మాత్రం బావ.

"చూసేదేముందిరా, రెండూ ఆన్ చేసెయ్," అన్నాడు బావ, గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ. ఇంతలో ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లాడు.

తమ్ముడు రెండోదాని పేరు పట్టుకుని వెతికాడు. కెర్నెల్‌లో, అంటే కంప్యూటర్ గుండెకాయలో దూరి, నొక్కిన ప్రతి అక్షరాన్నీ ఇంకొకరికి మోసే సరుకది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"అక్కా, నువ్వు రాసేదంతా బావ చదువుతున్నాడే! పీకి పారేస్తా. అడిగితే నేను చూసుకుంటా," అన్నాడు గొంతు తగ్గించి.

"తెలుసురా," అంది అక్క, వంటింటి గుమ్మంలోంచే.

"తెలుసా!"

"అది ఆగిపోయినప్పట్నుంచీ కుర్చీ తెచ్చుకుని నా వెనకే కూర్చుంటున్నాడు. ఫోన్ మాట్లాడినా పక్కనే. అది పనిచేసినన్నాళ్లూ వీపు వెనకైనా ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆన్ చేసెయ్‌రా."

తమ్ముడు బాల్కనీ వైపోసారి చూసి, 'అనుమతించు' నొక్కాడు. తెర పాస్‌వర్డ్ అడిగింది.

అక్క తడిచేతులు తుడుచుకుని వచ్చి, కీబోర్డు మీదికి వంగింది. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే అటు చూడకపోవడం తమ్ముడికి పనిలో అబ్బిన అలవాటు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అక్క చేతులు ఆగిపోయాయి.

"నేను టైపు చేస్తుంటే చూడనివాళ్లు కూడా ఉంటారని మర్చిపోయాన్రా," అంది.