ఒక్క సంతకం

"నీ పేరు మీద ఇప్పటికే ఒక ట్రాక్టర్ లోన్ ఉందమ్మా. పద్నాలుగు నెలలుగా కంతు కట్టలేదు."

కంప్లి బ్యాంకులో ఆఫీసరు ఆ మాట అనగానే శివపార్వతి కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆమె లోన్ అడిగింది ఆటో కోసం. నాట్లకు వంగీ వంగీ నడుము పోయాక, ఆటో నడుపుకుని బతుకుదామని మూడు వారాలుగా ఊరి చివర డ్రైవింగ్ నేర్పే ట్రాక్‌లో నేర్చుకుంటోంది. ట్రాక్టర్ మాత్రం ఏనాడూ ఎక్కి ఎరుగదు.

"నేను యాడ తీసుకుంటి సార్? సెంటు భూమి లేదు నాకు. ట్రాక్టర్ ఏం చేసుకునేకి?"

"క్రెడిట్ రిపోర్టులో అట్లనే ఉంది. పేరు నీదే, ఊరు నీదే. పుట్టిన తేదీ కూడా నీదే, జనవరి ఒకటి. తప్పయితే ఫిర్యాదు రాసియ్యి. నెలకో, రెండు నెలలకో తేలుతుంది."

రాసిచ్చి వచ్చింది.

మరునాడు ట్రాక్‌లో, ఆటో నేర్పే మహాదేవితో సంగతంతా చెప్పుకుంది.

"జాగ్రత్త పార్వతీ. ఫైనాన్సోళ్ళు ఊరకే ఉండరు. పెద్దమనుషుల మాదిరి వచ్చి, నెమ్మదిగా మాట్లాడి ఒక సంతకం పెట్టించుకుంటారు. పెట్టినావో, అప్పు నీదని ఒప్పుకున్నట్టే."

ఆ రోజు నుంచి సందులో బైకు ఆగితే చాలు, శివపార్వతి తలుపు గడియ వేసుకునేది. పక్కింటి కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడేది.

నాలుగో రోజు ఆమె భయపడినట్టే ఒకాయన రానే వచ్చాడు.

ఆమె ఎనిమిది అంకె ఆకారంలో ఆటో తిప్పుతోంది. ట్రాక్ అంచున పేర్చిన పాత టైర్ల దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. మాసిన తెల్లచొక్కా, చంకలో ప్లాస్టిక్ కవర్, అందులో కాగితాలు.

"ఈడ శివపార్వతమ్మ అంటే ఎవరమ్మా?"

క్లచ్ మీద చెయ్యి జారింది. ఆటో ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఆయమ్మ ఈపొద్దు రాలేదు," అంది శివపార్వతి.

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు.

"లోన్ సంగతి మాట్లాడాలమ్మా. ఆయమ్మ సంతకం ఒకటి కావాల. వస్తే చెప్పు, హంపన్న వచ్చిండె అని."

ఆ రాత్రి ఆమె కంటి మీద కునుకు లేదు.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం ఇంటి తలుపు చప్పుడైంది. కిటికీ సందులోంచి చూస్తే అదే తెల్లచొక్కా. శివపార్వతి బియ్యం డబ్బా వెనక్కి పోయి ముడుచుకుని కూర్చుంది.

"అమ్మా, ఉండావా? ఒక్క సంతకమే. ఇద్దరం కలిసి పోయి..."

రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఎంతసేపటికో చేతులు తీస్తే బయట ఎవరూ లేరు.

ఇల్లు కూడా తెలిసిపోయింది. ఇంక యాడికి పోయేది?

సోమవారం ట్రాక్‌లో ఆమె మూడో చుట్టులో ఉండగా హంపన్న టైర్లు దాటి లోపలికే వచ్చేశాడు. చెయ్యెత్తి ఆటోకు ఎదురుగా నడిచాడు.

"స్వల్ప నిలుపమ్మా, కొంచెం ఆగు! ఒక్క మాట!"

ఆపుదామనే అనుకుంది. చెయ్యి మాత్రం యాక్సిలరేటర్ తిప్పేసింది.

ఆటో రయ్యిమంటూ ఆయన పక్కనుంచే దూసుకుపోయింది. ఆయన తప్పుకోబోయి టైర్ల మీద పడ్డాడు. కవర్ చేతిలోంచి జారి, కాగితాలు ఎర్రమట్టిలో చెదిరిపోయాయి.

"పార్వతీ, బ్రేక్! బ్రేక్ వెయ్యి!" మహాదేవి అరుస్తూనే ఉంది.

శివపార్వతి గేటు దాటి రోడ్డెక్కింది. కాలువ గట్టు దాకా పోయి ఆటో ఆపి, హ్యాండిల్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. మనిషిని చంపేసిందేమో! పోలీసులు వస్తారేమో!

వెనక్కి వచ్చేసరికి ఆయన లేడు.

"మోకాలు చీరుకుపోయింది, అంతే," అంది మహాదేవి. "కాగితాలు ఏరుకున్నాడు. పోలీసుల మాటే ఎత్తలేదు. 'పాపం, ఆయమ్మ శానా భయపడిండాది, ఇంక రానులే' అని చెప్పి కుంటుకుంటా బస్టాండు దిక్కు పోయ."

మళ్ళీ ఆయన రాలేదు. వీధిలో ఎక్కడ తెల్లచొక్కా కనిపించినా ఆమె మాత్రం గబుక్కున పక్క సందులోకి తప్పుకునేది.

మూడు వారాలకు బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. భయపడుతూనే పోయింది.

"నీ రిపోర్టు సరయిపోయిందమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఆటో లోన్ పాసైంది. ఇక్కడ సంతకం పెట్టు."

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

"రెండు నెలలు పడుతుందంటిరి గద సార్?"

"మన ఊళ్ళోనే ఇంకో శివపార్వతమ్మ ఉండేది. ఆమె కూడా స్కూల్లో జనవరి ఒకటే రాయించుకుంది. ఫైనాన్స్ కంపెనీ కంప్యూటర్లో మీ ఇద్దరినీ ఒకరినే చేసేశారు. పోయినేడు ఆమె చనిపోయింది. నువ్వు ఇక్కడ ఫిర్యాదు రాసిచ్చిన రోజు ఆమె భర్త నీ వెనకాలే క్యూలో ఉన్నాడు, మొత్తం విన్నాడు. నువ్వూ ఆయనా కలిసి పోయి సంతకాలు పెడితే ఒక్క రోజులో తేలిపోయేది. నువ్వు దొరకలేదంట. భార్య మరణ పత్రం పట్టుకుని, కాలికి కట్టు కట్టుకుని, ఒక్కడే బళ్ళారిలో ఆ కంపెనీ ఆఫీసుకు ఏడుసార్లు తిరిగాడు."

శివపార్వతి సంతకం పెట్టకుండానే పెన్ను కింద పెట్టింది.

"ఆయప్ప ఇప్పుడు యాడ ఉండాడు సార్?"

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్ననే ట్రాక్టర్‌ను ఆ ఫైనాన్స్ కంపెనీకి అప్పగించి ఊరు వదిలి పోయాడమ్మా, ఆ తప్పు అట్లనే ఉండి ఉంటే అప్పు నీ మీదే పడేది, హంపన్నను ఒక్క రూపాయి అడిగేవాడే లేడు, ఆ సంగతి తెలిసే వచ్చి అప్పు తనదని రాసిచ్చాడు."