వెనకచూపు

వంతెన మునిగిన వరద వెళ్లాక రెండో ఏడు అది.

వరదతో పనులు లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో వెల్డరుకు ఒక కంప్యూటరు ఆట అలవాటైంది.

ఆకాశంలో పాడుబడ్డ ఓడ. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, చేతుల్లో తుపాకులు. ఓడను నడిపే యంత్రం ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే గెలుపు.

ఎవరింట్లో వాళ్లు కంప్యూటరు ముందు కూర్చుని ఆడే ఆట. ఒకరి మొహం ఒకరు ఎరగరు. మైకులో మాటలే పరిచయం.

వెల్డరు జట్టుకు నాయకుడు. తక్కినవాళ్లు బార్బరు, బస్సు కండక్టరు, నర్సమ్మ, ఇంకొకడు.

ఆ ఇంకొకడికి వాళ్లు పెట్టిన పేరు వెనకచూపు. నాలుగడుగులు వేస్తాడు, వెనక్కి తిరుగుతాడు. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ వెనక్కి.

ఎంత పిలిచినా పలకడు. ఆగమన్నా ఆగడు.

"కుక్క తరుముతున్నట్టు ఆ చూపేంటన్నా?" అనేవాడు బార్బరు.

పోనివ్వండి అన్నయ్యా, ఎవరి జోలికీ రాడు కదా అని నర్సమ్మ సర్దిచెప్పేది.

ఆటలో నాయకుడికి రాతలు పంపే పెట్టె ఒకటుంది. వెల్డరు దాన్ని మొదటివారంలోనే మూసేశాడు. మూడో తరగతితో ఆగిన చదువు. కూడబలుక్కుని చదివేలోపు తూటా దిగుతుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నామోషీ.

రెండేళ్లకు ఆ ఆట పోటీల్లో ఫైనల్ దాకా వచ్చారు.

ముందురోజు సాయంత్రం వెల్డరు మైకులో అడిగాడు.

"ఒక్కసారి ఊ అను తమ్ముడూ. అంతే చాలు. రేపు నిన్నే ఆడిస్తాను."

వెనకచూపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఎంత పొగరు" అన్నాడు వెల్డరు. జట్టులోంచి అతని పేరు కొట్టేశాడు. గురి తప్పడని పేరున్న కండక్టరు బావమరిదిని తీసుకున్నాడు.

ఫైనల్ పావుగంటలో ముగిసిపోయింది. అయిదుగురికీ దెబ్బ వీపులోనే తగిలింది.

"మనకి వీపులున్నాయని ఇవాళే తెలిసిందన్నా" అన్నాడు బార్బరు.

ఎవరూ నవ్వలేదు. రెండేళ్లలో వెనకనుంచి ఒక్క దెబ్బ కూడా తినలేదని అప్పుడు తట్టింది.

వెల్డరు ఆటలో వెనకచూపును వెతికి, మీట నొక్కి పిలిచాడు. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

తప్పయిపోయింది, మళ్లీ రమ్మని మైకులో అన్నాడు వెల్డరు. జన్మలో ఎవరినీ అంతగా బతిమాలి ఎరగడు.

అతను వెల్డరు వెనక ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ తిరిగి చూసుకుని, వెళ్లిపోయాడు. తెరమీద అతని పేరు పక్కన పచ్చదీపం ఆరిపోయింది.

ఇంత బతిమాలినా కరగలేదని వెల్డరు భార్య దగ్గర వాపోయాడు.

"నోటిమాటకు రాకపోతే, రెండు ముక్కలు రాసి చూడరాదూ" అంది ఆమె.

మర్నాడు పొద్దున వెల్డరు షాపు తెరవలేదు. రెండేళ్లుగా మూసి ఉంచిన పెట్టె తెరిచాడు.

రాద్దామని తెరిస్తే అందులో అప్పటికే రాతలున్నాయి. వందల కొద్దీ. అన్నీ ఒక్కడివే.

'అన్నా, ఎడమ తలుపు దగ్గర ఇద్దరు.'

'అన్నా, నువ్వు పద. వెనక నేనున్నా.'

ఆఖరిది ఫైనల్ ముందురోజుది. తెరమీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు.

'నాకు చెవులు వినపడవని మొదట్లోనే రాశాను కదన్నా. ఏం తప్పు చేశానో రాస్తే దిద్దుకుంటాను. మరి రేపు మీ వెనక ఎవరు చూస్తారు?'